జీతం తీసుకుని చేసిన పైరవీ

విజిటింగ్ కార్డు మీద నా ఉద్యోగం పేరు ఏమని వేయించాలో ఇరవై మూడేళ్ళలో తేలలేదు. 2001లో చేరినప్పుడు ‘ఆఫీస్ అసిస్టెంట్’. కొన్నాళ్ళకు ‘సెక్రటరీ’ అని మార్చారు. అది మా డాక్టర్ల సంఘంలో ఎన్నికైన డాక్టరుగారి పదవి పేరు కావడంతో ఆయనకు కోపం వచ్చింది. చివరికి ‘లయజన్ ఆఫీసర్’ దగ్గర ఆగింది. పెళ్ళిళ్ళలో ఎవరైనా అడిగితే మా ఆయన ‘డాక్టర్ల దగ్గర పని’ అని తేల్చేసేవాడు. నేను నర్సుననుకుని బీపీ చూడమని చెయ్యి చాపినవాళ్ళు కూడా ఉన్నారు. మా అమ్మ ఒక్కతే ఉన్నమాట చెప్పేది. చిత్తూరులో మా ఇంటి అరుగు మీద కూర్చుని ‘మా పాప డాక్టర్లకు పైరవీలు చేస్తాది, నెల జీతం’ అనేది, కలెక్టరేట్లో ఉద్యోగమన్నంత గర్వంగా.

ఆ మాట అనొద్దని అమ్మతో ఎన్నోసార్లు పోట్లాడాను. పైరవీ కాదమ్మా, ప్రాతినిధ్యం అని దిద్దేదాన్ని. ఆమె ఇప్పుడు లేదు. నేను పోయినేడు ఉద్యోగం మానేశాను. కూర్చుని ఆలోచిస్తే అమ్మ వాడిన మాటే సరైనదనిపిస్తోంది. కార్డు మీద ఆ మాటే వేయించి, కింద నా జీతం కూడా రాసి ఉండాల్సింది. ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది దాదాపు అంతే, కాకపోతే కారణాలు కొంచెం పెద్దవి.

తిరుపతిలో స్పెషలిస్టు డాక్టర్ల సంఘం ఒకటి నన్ను పెట్టుకుంది. ఎముకల డాక్టర్లు, కాన్పుల డాక్టర్లు, స్కానింగ్ తీసే రేడియాలజిస్టులు, మత్తు డాక్టర్లు, గుండె, కిడ్నీ, అందరూ ఉండేవాళ్ళు. జనం ఈ ఊరిని కొండ కోసమే అనుకుంటారు గానీ ఇక్కడ వైద్యం చాలా పెద్ద వ్యవహారం. 1960లో ఎస్వీ మెడికల్ కాలేజీ వచ్చింది, దానికి రుయా ఆసుపత్రి. టీటీడీ పెట్టిన ఎముకల ఆసుపత్రి బర్డ్ ఉంది. 1993లో స్విమ్స్ ఆసుపత్రి తలుపులు తెరిచింది. ఇక్కడ చదువుకున్నవాళ్ళలో చాలామంది ఇక్కడే బోర్డు కట్టారు. కడప నుంచి, నెల్లూరు నుంచి రోగులు వస్తారు. ఇంత మంది స్పెషలిస్టులు ఒకచోట ఉన్నాక ప్రభుత్వంతో పని పడకుండా ఉంటుందా?

డాక్టర్లు ఏదైనా అడగాలనుకుంటే కాగితం నేను తయారుచేయాలి, తీసుకెళ్ళాలి, ఏ బల్ల మీద ఆగిందో కనుక్కోవాలి. రాజధాని హైదరాబాద్‌లో ఉన్నన్నాళ్ళూ సాయంత్రం వెంకటాద్రి ఎక్కితే తెల్లారేసరికి కాచిగూడ. తర్వాత వెలగపూడి, అంటే రాత్రి రైలుకు విజయవాడ, అక్కడి నుంచి బస్సో ఆటోనో. జిల్లా పనికైతే చిత్తూరు కలెక్టరేటు. 2022 ఏప్రిల్ 4న జిల్లా విడిపోయాక ఆ పని తిరుచానూరు దగ్గర పద్మావతి నిలయంలోకి వచ్చింది, పుట్టింటికి వెళ్ళే సాకు పోయింది.

మంత్రిగారికి శాలువా కప్పి ఫొటో దిగితే పని సగం అయిపోయినట్టేనని మా డాక్టర్లు అనుకునేవాళ్ళు. ఎంత చదువుకున్నవాళ్ళయినా ఈ ఒక్క విషయంలో పసిపిల్లలు. మంత్రిగారు మెమొరాండం మూల ‘పరిశీలించండి’ అని రాసి సంతకం పెడతారు. ఆ ఒక్క మాట పేషీ నుంచి ముఖ్య కార్యదర్శికి, అక్కడి నుంచి సెక్షన్‌కి దిగుతుంది. సెక్షన్‌లో ఒక అసిస్టెంటు ఫైల్లో నోటు రాసి పెడతాడు. ఆ నోటు మొదటి పేరాలో మన కోరిక ఎలా రాశారన్న దాన్ని బట్టే తర్వాత కథ. ‘సంఘం వారు రేట్ల పెంపు కోరుతున్నారు’ అని రాస్తే ఆర్థిక శాఖ పేరు వినగానే ఫైలు నిద్రపోతుంది. ‘ఈ ఆపరేషన్లు చేయడానికి జిల్లాలో ఆసుపత్రులు ముందుకు రావడం లేదని సంఘం తెలియజేసింది’ అని రాస్తే ఎవరో ఒకరు లేచి కూర్చుంటారు. విషయం ఒకటే. ఆ రెండో వాక్యం నోటులోకి వెళ్ళేలా చూడడమే నా ఉద్యోగం. దానికి లంచం అక్కర్లేదు. మన మెమొరాండంలో ఆ వాక్యం నోటులో దించుకోడానికి వీలుగా ఉంటే చాలు, పని ఎక్కువున్న మనిషి దాన్నే దించుకుంటాడు. రెండు పేజీలు దాటితే ఎవరూ చదవరు. ఒక్క పేజీ అయితే లెక్కలేవీ అని వెనక్కి పంపుతారు. ‘రిమార్క్స్ కోసం’ అని కింది ఆఫీసుకు వెళ్ళిన ఫైలు వెనక్కి రావాలంటే, ఆ రిమార్క్స్‌లో ఏ లెక్క అడుగుతారో ఊహించి ముందే అందించాలి. ఇదంతా నేను సిగ్గుపడకుండా చెప్పగలను. ఇది నేర్పు.

సిగ్గుపడాల్సింది ఇంకో భాగం ఉంది. అది తిరుపతికే ప్రత్యేకం.

మిగతా ఊళ్ళవాళ్ళు పని కోసం రాజధానికి వెళ్ళాలి. మాకు రాజధానే వస్తుంది. మంత్రులు, కార్యదర్శులు, డైరెక్టర్లు, వాళ్ళ బావమరుదులు, బావమరుదుల పక్కింటివాళ్ళు, అందరూ ఏడాదికి ఒకసారైనా కొండకు రావాల్సిందే. వచ్చినవాళ్ళకు బ్రేక్ దర్శనం కావాలి, గది కావాలి, పెద్దావిడకు నడవలేకపోతే వీల్‌చైర్ కావాలి. వెలగపూడిలో ఆరు నెలలు తిరిగినా దొరకని మనిషి ఇక్కడ పొద్దున్నే పంచె కట్టుకుని, నామం పెట్టుకుని, మెత్తబడిన మనసుతో కనిపిస్తాడు. సిఫార్సు లేఖ సంపాదించడం, కారు పంపడం, ప్రసాదం సంచీ రైలు పెట్టెదాకా చేర్చడం, ఇవన్నీ నా పనులే. ‘మేడమ్, తిరుపతిలో మీరుండారు కాబట్టి మాకు టెన్షన్ లేదు’ అని పేషీలోవాళ్ళు అంటే పొంగిపోయేదాన్ని. బ్రహ్మోత్సవాలప్పుడు సిఫార్సు లేఖలు చెల్లవు. ఆ తొమ్మిది రోజులూ స్వామి ఊరేగేవాడు, నేను ఇంట్లో కాళ్ళు చాపుకునేదాన్ని.

దర్శనం చేయించినందుకు ఎవరూ నాకు జీవో ఇవ్వలేదు. అంత సూటిగా ఏదీ జరగదు. కానీ మరుసటి నెల నేను వెళితే కుర్చీ చూపించేవాళ్ళు. అదే వరండాలో, ఆసుపత్రి బిల్లు మంజూరు కాలేదని చేతిలో సంచీతో నిలబడిన పల్లెటూరాయన అలాగే నిలబడి ఉండేవాడు. మా సంఘం కొన్నది ఆ కుర్చీ. వెల ఎంతో ఏ లెక్కలోనూ కనపడదు.

ఇంతకీ మేము అడిగిందేమిటి? అందులో ఎంత న్యాయం ఉంది? ఆరోగ్యశ్రీ సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే నా రైలు టికెట్లలో సగం దాని కోసమే.

2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. మరుసటేడు జూలైకల్లా రాష్ట్రమంతా వచ్చింది. అప్పట్లో కుటుంబానికి ఏడాదికి రూ.2 లక్షల దాకా వైద్యం. ప్రభుత్వాలు మారాయి, పథకం ముందున్న పేరు మారింది, మళ్ళీ మారింది. పరిమితి పెరుగుతూ 2023 డిసెంబరులో రూ.25 లక్షలకు చేరింది. జాబితాలో ప్రొసీజర్లు 1,059 నుంచి 3,257 అయ్యాయని ప్రభుత్వం ప్రకటించుకుంది. ఈ అంకెలన్నీ ఫ్లెక్సీ మీద పడతాయి. ఒక్కో ఆపరేషన్‌కు ఆసుపత్రికి ఎంత ఇస్తారు, ఎన్నాళ్ళకు ఇస్తారు అన్నది ఫ్లెక్సీ మీద పడదు. ప్యాకేజీ అంటే మంచం, మందులు, థియేటరు, సర్జన్ ఫీజు, మత్తు డాక్టర్ ఫీజు, పరీక్షలు, రోగి భోజనం, ఇంటికి వెళ్ళడానికి బస్సు చార్జీ, అన్నీ కలిపి ఒకటే మొత్తం. మందుల ధర పెరిగినా, జీతాలు పెరిగినా ఆ మొత్తం కదలదు. కదిలించమని అడగడం తప్పు కాదు. గిట్టని ఆపరేషన్‌కు ‘బెడ్లు ఖాళీ లేవు’ అని చెప్పి పంపేస్తారు, బయట తిరిగేది రోగి. బకాయిలు నెలల తరబడి ఆగితే ముందు మూతపడేది చిన్న ఆసుపత్రి. ఈ మాటలు నేను వందసార్లు రాశాను. ఇప్పుడూ మార్చను.

కానీ ఒకసారి కొన్ని ప్యాకేజీల రేట్లు పెరిగాయి. మా సంఘంలో స్వీట్లు పంచారు. సాయంత్రం ఒక మత్తు డాక్టరుగారు నా గదిలోకి వచ్చి నిలబడ్డారు. మాది కుప్పం వైపు అని చెప్పేవారు, మాటలో ఆ యాస ఉండేది. ‘పెరిగింది ఎవరికి మా?’ అన్నారు. నాకు అర్థం కాలేదు. ‘ప్యాకేజీ పెరిగింది ఆసుపత్రికి. నాకు కేసుకింతని ఇస్తా ఉండారు, అది పెరగలేదు. ఆ కాగితం మీద నా సంతకం కూడా తీసుకుంటివి కదా.’

నేను స్పెషలిస్టుల కోసం పనిచేస్తున్నాననుకున్నాను. నిజానికి ఆసుపత్రి ఉన్న స్పెషలిస్టుల కోసం చేశాను. ఆ రెండూ వేరు అని అన్నేళ్ళలో నాకు తట్టలేదు. కార్యవర్గంలో ఎవరుండేవారు? సొంత ఆసుపత్రి ఉన్నవాళ్ళే. రాత్రి పదింటికి కూడా ఎమర్జెన్సీకి పరిగెత్తే మత్తు డాక్టరు మీటింగులకు ఎక్కడ వస్తాడు? చందా మాత్రం అందరిదీ. ‘డాక్టర్లు కోరుతున్నారు’ అని పేపర్లో చదివినప్పుడు ఏ డాక్టర్లు అని అడగాలని నేను ఆ సాయంత్రమే నేర్చుకున్నాను.

రెండోది ఫారం ఎఫ్. ఇది నన్ను ఇంకా వదల్లేదు.

లింగ నిర్ధారణ నిరోధక చట్టం 1994లో వచ్చింది. గర్భిణికి స్కాన్ తీసిన ప్రతిసారీ ఫారం ఎఫ్ నింపాలి. ఆమె వివరాలు, ముందు పుట్టిన పిల్లలు ఎంతమంది, వాళ్ళలో ఆడెంత మగెంత, స్కాన్ ఎందుకు తీశారు, సంతకాలు. అందులో తప్పు దొర్లితే, ఖాళీ వదిలితే, తప్పు చేయలేదని డాక్టరే నిరూపించుకోవాలి. మెషీన్ సీలు పడుతుంది, కేసు పడుతుంది, శిక్ష మూడేళ్ళ దాకా. రేడియాలజిస్టులు, కాన్పుల డాక్టర్లు వణికిపోయేవాళ్ళు. రిసెప్షన్‌లో అమ్మాయి ఒక గడి నింపడం మరిచిపోతే నేను జైలుకు వెళ్ళాలా అనేవాళ్ళు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ పూర్తిగా లేదు. ‘గుమాస్తా పొరపాట్లను నేరంగా చూడకండి’ అన్న శీర్షికతో నేను రాసిన మెమొరాండం నాకు చాలా ఇష్టమైన కాగితం. వేరే జిల్లాలవాళ్ళు కూడా అడిగి తీసుకెళ్ళారు.

కాన్పుల డాక్టర్ల జాతీయ సమాఖ్య ఫాగ్సీ ఇదే వాదనతో సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2019 మే 3న తీర్పు వచ్చింది, ఓడిపోయారు. ఆ రాత్రి తీర్పు ప్రింటు తీసుకుని చదివాను, ఎక్కడైనా పట్టు దొరుకుతుందేమోనని. కోర్టు చెప్పింది సూటిగా ఉంది. రికార్డు రాయకపోవడం గుమాస్తా పొరపాటు కాదు, నేరానికి మెట్టు అదే. ఆలోచిస్తే నిజమే. చీకటి గదిలో డాక్టరు, తల్లి, అత్త. లోపల ఏ మాట అన్నారో, ఏ సైగ చేశారో ఎవరు చూడొచ్చారు? బయటికి వచ్చే సాక్ష్యం ఆ కాగితం ఒక్కటే. ఆ కాగితాన్ని తేలిక చేయమని నేను పదేళ్ళు అడిగాను. పొద్దున ప్రెసిడెంటుగారు ఫోన్ చేసి ‘రివ్యూ వేస్తారేమో, మన మెమొరాండం రెడీగా ఉంచమ్మా’ అన్నారు. ఉంచుతానన్నాను. జీతం తీసుకుంటున్నాను కదా. కానీ ఆ రోజు నుంచి ఆ శీర్షిక నాకు నచ్చలేదు.

చిన్న సంగతులు కొన్ని తొందరగా చెప్పేస్తాను. ఆసుపత్రుల మీద దాడులు ఆపడానికి 2008లోనే రాష్ట్రంలో చట్టం వచ్చింది, దాని జిరాక్సులు నా బ్యాగులో ఉండేవి, స్టేషన్లో చూపించడానికి. కొత్త శిక్షాస్మృతిలో డాక్టర్లకు మినహాయింపు వచ్చిందని 2023 డిసెంబరులో మా వాట్సాప్ గ్రూపు పండగ చేసుకుంది. చదివితే, నిర్లక్ష్యంతో మరణానికి మిగతావాళ్ళకు ఐదేళ్ళకు పెంచి డాక్టర్లకు పాత రెండేళ్ళే ఉంచారు. పెరగకపోవడాన్ని గెలుపు అనొచ్చు. మినహాయింపు అనకూడదు. ఆ సంగతి గ్రూపులో పెడితే ఎవరూ పట్టించుకోలేదు.

2023లోనే ఇంకోటి జరిగింది. జాతీయ మెడికల్ కమిషన్ ఆగస్టు 2న డాక్టర్లకు కొత్త ప్రవర్తన నియమాలు ఇచ్చింది. మందులు కంపెనీ బ్రాండుతో కాదు, జనరిక్ పేరుతోనే రాయాలి. మందుల కంపెనీల డబ్బుతో జరిగే సదస్సులకు వెళ్ళకూడదు. దేశమంతా డాక్టర్ల సంఘాలు లేచాయి. మూడు వారాలకే నియమాలను పక్కన పెట్టేశారు. నా ఉద్యోగ జీవితంలో అంత వేగంగా ఏ ఫైలూ కదలడం చూడలేదు. జనరిక్ మందుల నాణ్యత మీద మావాళ్ళ అనుమానంలో బలం ఉంది, అది నేను ఒప్పుకుంటాను. కానీ మా సమావేశంలో మైకు ముందు మాట్లాడిందంతా జనరిక్ గురించే. సదస్సుల మాట మైకు ఆపేశాక, భోజనాల దగ్గర వచ్చింది. కాగితంలో ఏది రాయమన్నారో చెప్పక్కర్లేదు కదా.

మా అక్క కొడుకు వాషింగ్టన్‌లో ఉంటాడు. అక్కడ ఒక రకం స్పెషలిస్టుల సంఘానికి ప్రభుత్వ వ్యవహారాలు చూస్తాడు. ‘పిన్నీ, నేనూ నీ పనే చేస్తున్నా, కాకపోతే నాకు సూటూ బూటూ’ అంటాడు. వాడు ఈ పని చేస్తున్నట్టు 1995 నాటి చట్టం కింద నమోదై ఉండాలి. మూడు నెలలకోసారి ఎవరి తరఫున, ఏ విషయం మీద, ఎంత సొమ్ము అన్నది సంస్థ రాసివ్వాలి, ఎవరైనా చూసుకోవచ్చు. అంతమాత్రాన అక్కడ అంతా ధర్మరాజులేమీ కాదని వాడే చెప్పాడు. ముసలివాళ్ళ వైద్యానికి మెడికేర్ ఉంది కదా, అందులో ఏ పనికి ఎంత విలువ అన్నది సూచించడానికి అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1991లో ఒక కమిటీ పెట్టింది. అందులో కుర్చీలు ఎక్కువ స్పెషలిస్టులవే. కూర్చోబెట్టి మాట్లాడి మందు రాసే ఫ్యామిలీ డాక్టర్ల పనికి విలువ తక్కువ కట్టారని దశాబ్దాలుగా గొడవ. మా కుప్పం మత్తు డాక్టరుగారి ప్రశ్నే అది, ఇంగ్లీషులో. తేడా ఏమిటంటే వాడు ఆ కమిటీలో ఎవరెవరు కూర్చున్నారో పేరు పేరునా చెప్పగలిగాడు. ఇక్కడ ప్యాకేజీ రేట్లు కట్టే గదిలో ఎవరు కూర్చున్నారో తెలుసుకోడానికి నేను ముగ్గురికి దర్శనాలు చేయించాల్సి వచ్చేది.

మన దేశంలో పైరవీని నమోదు చేసే చట్టం లేదు. 2013లో లోక్‌సభలో ఒక సభ్యుడు ప్రైవేటు మెంబరు బిల్లు పెట్టాడు, అది అక్కడే ఆగిపోయింది. అంతకు ముందు ఏడాది డిసెంబరులో అమెరికా దుకాణాల కంపెనీ వాల్‌మార్ట్ విషయంలో పార్లమెంటు అట్టుడికింది గుర్తుందా? భారత్ మార్కెట్లోకి దారి కోసం కూడా లాబీయింగ్‌కు ఖర్చు పెట్టినట్టు బయటపడింది మన రికార్డుల్లో కాదు, వాళ్ళు అమెరికాలో ఇచ్చిన రిపోర్టుల్లో.

సంఘం నుంచి వచ్చేటప్పుడు నేను మూడు కోరికలు రాసిచ్చాను. ప్రభుత్వానికి ఇచ్చే ప్రతి మెమొరాండం అదే రోజు సంఘం వెబ్‌సైట్లో పెట్టాలి. ఎవరిని కలిశామో రాయాలి. సొంత ఆసుపత్రి లేని డాక్టర్లకు కార్యవర్గంలో సగం చోటు ఇవ్వాలి. ప్రెసిడెంటుగారు మర్యాదగా చదివారు. ‘మనం ఒక్కరమే బట్టలిప్పుకుని నిలబడితే, పక్కవాడు వెనక గుమ్మం నుంచి పోతాడు కదమ్మా’ అన్నారు. ఆ మాటలో నిజం ఉంది. మందుల కంపెనీలు, కార్పొరేట్ ఆసుపత్రులు మా సంఘం కంటే ఎన్నో రెట్లు పెద్దవి. అందుకే చట్టం కావాలంటున్నాను, ఒక్కరి మంచితనం మీద నడిచేది కాదిది. పైగా డాక్టర్లు ప్రభుత్వంతో మాట్లాడకూడదని నేను అనడం లేదు. మాట్లాడకపోతే రేట్లు కట్టేవాళ్ళకు థియేటర్లో ఏం జరుగుతుందో ఎలా తెలుస్తుంది? మాట్లాడాలి. ఏం మాట్లాడారో వరండాలో సంచీతో నిలబడ్డాయన కూడా చదవగలగాలి. ఆయన తరఫున జీతం తీసుకుని తిరిగే మనిషి ఒక్కరు కూడా లేరు.

నా స్థానంలో శ్రీకాళహస్తి అమ్మాయిని పెట్టుకున్నారు, ఎంబీఏ చదివింది. చార్జీ ఇచ్చేటప్పుడు నా బైండు పుస్తకాలు ఆమెకు ఇచ్చాను, మొత్తం ఏడు. ఏ తేదీన ఎవరిని కలిశాను, ఏం అడిగాను, వాళ్ళకు ఏం చేసి పెట్టాను, దర్శనాలతో సహా అన్నీ వరసగా రాసిపెట్టుకున్నవి. సంఘంలో ఒకరిద్దరు అవి చింపేయమన్నారు. నేను చింపలేదు. ఆ అమ్మాయి వారంలో అన్నీ చదివేసింది. ఒకరోజు ఇంటికి వచ్చి, కాఫీ తాగి, మెల్లగా అడిగింది. ‘మేడమ్, 2013 పుస్తకంలో ఒక వరస నల్ల ఇంకుతో కొట్టేశారు. ఏముంది అందులో?’

ఎవరికీ చెప్పనిది ఆమెకు చెప్పాను. ఆ ఏడాది ఒకాయన కుటుంబానికి సుప్రభాతం టికెట్లు ఇప్పించాను. వాళ్ళను రైలు ఎక్కిస్తుంటే ఆయన నవ్వుతూ, రేపు స్కానింగ్ సెంటర్ల తనిఖీకి టీం మీ ఊరికే వస్తోంది మేడమ్ అన్నాడు, ఏ వీధికో కూడా చెప్పాడు. నేను స్టేషన్ బయటికి వచ్చి, ఆటో ఎక్కకముందే, మా సంఘంలో ఒక డాక్టరుగారికి ఫోన్ చేశాను. ఎవరూ చేయమనలేదు. అలవాటుగా చేశాను.

‘మరి తనిఖీలో ఏమైంది మేడమ్?’ అంది.

ఏమీ కాలేదు. ఆ సెంటర్లో ఫారాలన్నీ ఒక్క గడి ఖాళీ లేకుండా నింపి ఉన్నాయట.